నాలుగో పాటలో మా అమ్మ గొంతు

మా మెటల్‌కోర్ బ్యాండ్ కొత్త ఆల్బం విడుదలైన రోజు ఉదయం నేను వనపర్తి బస్టాండులో ఖిల్లా ఘణపూర్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఘణపూర్‌లో ఒక ఖాళీ కోళ్ల షెడ్డులో మేం నలుగురం సాధన చేసేవాళ్లం. గొంతు చించుకుని అరిచే పాటలు, వాటి కింద ఉరిమే గిటార్లు. మొదట్లో నవ్విన ఊరివాళ్లే ఈమధ్య మా వీడియోలు ఒకరికొకరు పంపుకుంటున్నారు. నేను డ్రమ్స్ వాయిస్తాను. గిటార్ వాయించేవాడు గద్వాలవాడు, ఇంటర్ నుంచి నా దోస్తు. రికార్డింగులన్నీ పట్టుకుని, చివరి మెరుగులు దిద్దించడానికి హైదరాబాద్ వెళ్లింది అతనొక్కడే.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టాను. నాలుగో పాట మధ్యలో నా డ్రమ్స్ ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడమనిషి శోకం వినిపించింది. వెంటనే గిటార్లు విరుచుకుపడ్డాయి. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. అది మా అమ్మ.

నిరుడు వానాకాలంలో నాయిన పోయినప్పుడు అమ్మ ఆయన తల దగ్గర కూర్చుని రాగం తీసి ఏడ్చింది. నేను పడిపోకుండా భుజం పట్టుకుని నిలబడింది ఈ గద్వాల దోస్తే. రెండో చేతిలో ఫోన్ ఉందని నేను చూడలేదు.

ఘణపూర్ బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను గద్వాల బస్సెక్కాను.

అతను ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వుతూ లేచాడు. "చూసినవారా? అందరు నాలుగో పాట గురించే అంటుండ్రు."

"అది మా అమ్మరా."

అతని నవ్వు ఆగింది. "అందుకే పెట్టిన. గంత నిజమైన ఏడ్పు ఏ సింగరు ఏడుస్తడు, చెప్పు?"

"నన్నెందుకు అడగలె?"

"అడిగితే వద్దంటవని తెల్సు."

తీసెయ్యమన్నాను. ఆ పాట తీస్తే ఇన్నాళ్ల కష్టం ఆగమైతదన్నాడు. అక్కడి నుంచే మిగతా ఇద్దరికీ ఫోన్ చేశాను. వాళ్లకు ముందే తెలుసట. నాకొక్కడికే చెప్పలేదు.

సాయంత్రం ఇంట్లో అమ్మకు చెప్పాను. చాటలో పల్లికాయ ఒలుస్తూ విన్నది. "పెట్టు, వింట" అంది. గిటార్లకు ఉలిక్కిపడింది గానీ చివరిదాకా విన్నది.

"కడమది ఏది?"

"ఏంది మిగిలింది?"

"మీ నాయినను జూసి, బొంబాయిల మట్టి మోసి మోసి నడుము పోగొట్టుకున్నవని ఏడ్చిన. కొడుక్కు డ్రమ్ములు కొనియ్యాలని దసరాకు గూడ ఇంటికి రాకపోతివని ఏడ్చిన. గవన్నీ ఏవి? ఒట్టి అరుపే ఉంచుకున్నడా?"

ఆమె మళ్లీ చాట ముందుకు జరుపుకుంది. చాలాసేపు ఒక్క కాయ కూడా ఒలవలేదు.

మర్నాడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయి షెడ్డులో నుంచి డ్రమ్స్ తెచ్చేసుకున్నాను. ఎవరూ ఆపలేదు. ఇప్పుడు వాళ్లు ఇంకో డ్రమ్మర్‌తో హైదరాబాద్‌లో వాయిస్తున్నారు. నాలుగో పాట అలాగే ఉంది. దాని కింద కామెంట్లలో ఎవరో, ఆ ఏడ్చిన గొంతు ఎవరిదని అడిగారు. ఎక్కడో దొరికిందని గద్వాల దోస్తు జవాబు రాశాడు. మా ఇంట్లో అమ్మ చేతి అన్నం ఎన్నిసార్లు తిన్నాడో.

ఆ జవాబు సంగతి అమ్మకు చెప్పలేదు.