సూది మీద తువ్వాలు

లారీలు ఆగే చోట అందరూ ఆయన్ని జ్వరం బాబాయి అనేవారు. ఊరికే అనలేదు మరి. పక్క లారీ డ్రైవరు కిందికి దిగీ దిగకముందే ఎదురెళ్ళి, గేరుబాక్సు వేడి ఎంతుందిరా అని అడిగేవాడు. అన్నం తిన్నావా, నిద్రపోయావా అన్న కుశలప్రశ్నలన్నీ ఆ తరవాతే. లోపలి నూనె తొంభై డిగ్రీల దాకా ఉంటే బండి ఒంట్లో బాగున్నట్టు, నూటపది దాటితే జ్వరం, నూటముప్పై అంటే ఇక సన్నిపాతమేనని ఆయన లెక్క. ఆ వేడి చూపే డయలు మీద సూది చూడకుండా కొండెక్కినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి చెడామడా తిట్టేవాడు. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ టీ ఇప్పించేవారు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి డ్రైవరు ఉద్యోగం మానేశాక ఏం చేశాడయ్యా అంటే, ఒక పాత లారీ కొని దాని వెనక బుల్లి ఇల్లు కట్టాడు. మంచం, పొయ్యి, కిటికీలకు తెరలు, అన్నీ భార్య కోసమే. ఇన్నేళ్ళూ ఆయన రోడ్డు మీద, ఆవిడ ఇంట్లో. ఇకనైనా కలిసి తిరగాలని ఆయన ఆశ. పిన్ని అంత తేలిగ్గా కరిగే మనిషా?

"ఒక్కసారి వస్తాను. దారిలో బండి మొరాయించిందో, వచ్చిన బస్సెక్కి ఇంటికెళ్ళిపోతాను. మళ్ళీ నన్ను రమ్మని అడక్కండి."

అన్నదంటే చేస్తుంది, ఆ సంగతి ఆయనకు తెలుసు. బయల్దేరేముందు కుట్టుమిషనుతో సహా సగం ఇల్లు బండెక్కించింది. బరువెక్కువవుతుందని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

కొండదారి మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు కింది గేరుకు మారి నెమ్మదిగా పోవాలని ఆయనకు ఒకరు చెప్పాలా? ఇంకొకడు ఆ తప్పు చేస్తే ఆయనే చెవి మెలేసి మరీ చెప్పేవాడు. కానీ కింది గేరులో ఇంజను హోరెత్తిపోతుంది. ఆ హోరుకి ఆవిడ ఎక్కడ హడలిపోతుందోనని పై గేరులోనే ఈడ్చుకుపోయాడు. బండి మూలిగింది. సూది నూటపది దాటింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, చెమట తుడుచుకున్నట్టు నటించి, సరిగ్గా ఆ డయలు మీదే ఆరేశాడు. చూశారా పెద్దమనిషి పని!

కాసేపటికి మాడు వాసన వచ్చింది. పొయ్యి ఆర్పే వచ్చానే అని పిన్ని గొణుక్కుంది. తువ్వాలు వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది.

"ఆ తువ్వాలు తీయండి."

తీశాడు. నూటపాతిక.

ఇక చేసేదేముంది, మలుపులో బండి పక్కకి తీసి, న్యూట్రల్లో పెట్టి, ఇంజనుని కాస్త జోరుగా తిరగనిచ్చాడు. ఆపెయ్యొచ్చుగా అందావిడ. ఆపితే నూనె ఎక్కడిదక్కడే నిలిచిపోతుందని, తిరుగుతుంటేనే చల్లారుతుందని నేలచూపులు చూస్తూ చెప్పాడు. చెవులు మాత్రం వెనకనుంచి వచ్చే బస్సు కోసమే రిక్కించి ఉన్నాయి.

పిన్ని కిందికి దిగింది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మనిషన్నవాడు లేడు. చాలాసేపు అటే చూస్తూ నిలబడింది.

"గేరుబాక్సు వేడెక్కింది, రావడం ఆలస్యమవుతుందని మీరు ఫోన్ చేసినప్పుడల్లా, ఎక్కడో పేకాటలో కూర్చున్నారనుకునేదాన్ని," అంది చివరికి. "ఒక్కసారీ నమ్మలేదు. ఇలాంటి చోట ఒక్కరే ఉండేవారా?"

ఆయన తలూపాడు. రెండు మూడుసార్లు పేకాటేనని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది, బాధా కలిగింది.

అంతలో బస్సు రానే వచ్చింది. డ్రైవరు పక్కన ఆపి, సీట్లున్నాయి, ఎక్కుతారా అని అడిగాడు. బాబాయి పిన్ని మొహం వంక చూశాడు.

"మీరు వెళ్ళండి బాబూ," అంది పిన్ని. "బండి చల్లారేదాకా మేం ఇక్కడే ఉంటాం."

బస్సు వెళ్ళిపోయింది. బాబాయి గబగబా కళ్ళు తుడుచుకుని, పొగకి మండుతున్నాయన్నాడు. అది మాత్రం ఆవిడ నమ్మలేదు.