వానాకాలం రేటుకి పసిఫిక్ తీరం

ఆస్ట్రేలియాలో ఉన్న తెలుగువాళ్ళలో నా అంత చవగ్గా కోస్టారికా వెళ్ళొచ్చినవాడు ఇంకొకడు లేడని పందెం కాస్తాను. ఏప్రిల్‌లో, ఈస్టరు సెలవుల మూలంగా, అడిలైడ్ నుంచి అక్కడికి టికెట్టు ధర చూస్తే కళ్ళు తిరిగాయి. నేను తొందరపడలేదు. రోజూ పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో రేటు చూసుకుంటూ, అది మెట్టు మెట్టు దిగుతుంటే లోపల్లోపల నవ్వుకుంటూ సెప్టెంబరు దాకా ఆగాను. సగం ధరకి కొట్టాను. అక్కడ అది కుండపోత వానల నెల. సముద్రం ఎదురుగా గదులు పావు ధరకి ఇస్తామని బతిమాలారు. మేముండే మాసన్ లేక్స్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ కథ చెప్పి శభాష్ అనిపించుకున్నాను.

శభాష్ అన్నవాళ్ళకి చెప్పనిది ఒకటుంది. ఏప్రిల్‌లో నన్ను రమ్మని ఫోన్ చేసింది నా కూతురు.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఒక్కతే. యూనివర్సిటీ రెండో ఏడాదిలో ఉండగా ఆర్నెల్లు బ్రేకని చెప్పి, స్నేహితులతో కోస్టారికా పసిఫిక్ తీరానికి వెళ్ళింది. స్నేహితులు తిరిగొచ్చారు. తను రాలేదు. అక్కడే చిన్నచిన్న పనులు చేసుకుంటూ ఉండిపోయింది. మేం అరిచాం, ఏడ్చాం, అలిగాం. రానంది. ఏడాది దాటాక ఒక సాయంత్రం తనే ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వొస్తావా?"

"ఏమైందమ్మా?"

"ఫీవర్ వచ్చింది. తగ్గిందిలే. బట్ ఒక్కదాన్నే అంత దూరం రాలేను. నువ్వొస్తే నీతో వచ్చేస్తా."

"అలాగే తల్లీ. ఈస్టరు కదా, రేట్లు మండిపోతున్నాయి. కాస్త దిగనీ."

"ఓకే నాన్నా," అంది.

రేట్ల సంగతి నిజమే. కానీ నా బుర్రలో ఇంకో లెక్క కూడా నడిచింది. చీరాల బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని. ఇన్నాళ్ళూ మొండికేసిన పిల్ల ఇప్పుడు తనంతట తను దిగొస్తోంది. దిగొచ్చేవాళ్ళకి ఎదురెళ్తే అక్కడితో ఆగిపోతారు. ఇంకో రెండు నెలలు ఆగితే యూనిలో మళ్ళీ చేరతానని కూడా తనే అంటుంది. అదీ నా తెలివి.

మా ఆవిడ ఆ రాత్రే పెట్టె దించింది. "నన్ను వెళ్ళనివ్వండి. ఎంతైతే అంత."

"తొందరపడితే ఎట్టా? టికెట్టు దిగుతుంది."

"టికెట్టు దిగేలోపు దాని మనసు మారితే?"

"మారితే మనవైపుకే మారుతుంది," అన్నాను. ఆవిడ పెట్టెని మళ్ళీ అటక మీద పెట్టలేదు. సెప్టెంబరు దాకా అది హాల్లోనే గోడకి ఆనించి ఉంది. చివరికి నేను పట్టుకెళ్ళింది దాన్నే.

అక్కడ దిగాక కూడా నా పద్ధతి మారలేదు. విమానాశ్రయం నుంచి అమ్మాయుండే ఊరికి నేరుగా వ్యాను ఉంది. దాని ధరలో నాలుగోవంతుకి ఊరూరా ఆగే బస్సు ఉంది. బస్సే ఎక్కాను. వానకి రోడ్డు తెగి, దారిలో రెండు బీచి ఊళ్ళలో పడుకోవలసి వచ్చింది.

మొదటి ఊళ్ళో ఇసక నల్లగా ఉంది. కొబ్బరిబొండాల బడ్డీలకి టార్పాలిన్లు కట్టేసి, సర్ఫింగ్ బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్ళతో బిగించేశారు. వీధిలో నేనూ, తడిసిన కుక్కలూ. గది యజమాని చెప్పిన ధరలో సగం అడిగితే, అతను వానకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి తాళంచెవి ఇచ్చేశాడు. పక్క మీద దుప్పటి చెమ్మగా ఉంది. పొద్దున లేచేసరికి బూట్లకి బూజు. రెండో ఊళ్ళో ఇంకా చవగ్గా దొరికింది, కప్పు కారింది. బకెట్టు నేనే అడిగి తెచ్చుకున్నాను. అద్దెలో అందుకు కూడా కొంత తగ్గించమన్నాను. తగ్గించారు. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడతో గొప్పలు పోయాను.

"అవన్నీ ఎందుకండీ, దాన్ని చూశారా?" అంది.

మూడో ఊరు అమ్మాయిది. ఒక చిన్న లాడ్జి కౌంటర్లో కూర్చునుంది. నల్లబడింది, జుట్టు ఎండకి రాగిరంగు తిరిగింది. ఎవరితోనో స్పానిష్‌లో గలగలా మాట్లాడుతూ నన్ను చూసి ఆగిపోయింది. లేచొచ్చి కావలించుకుంది. తడిబట్టలతో నేను ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. ఆ తర్వాత నేనన్న మొదటి మాట, "నువ్విక్కడ పనిచేస్తున్నావు కదా, గదికి స్టాఫ్ రేటేమైనా ఉందా?"

"నాన్నా!" అని పకపకా నవ్వింది. "సీరియస్లీ?"

ఆ నవ్వు చూసి పని అయిపోయిందనే అనుకున్నాను.

మధ్యాహ్నం తను ఉండే ఇంటికి తీసుకెళ్ళింది. ఒక పెద్దావిడ ఇంటి వెనక గది అది. ఆవిడ అన్నంలో నల్ల చిక్కుడు గింజలు కలిపి, వేయించిన అరటిపండు పక్కన పెట్టి నా ముందుంచింది. అమ్మాయి ఆవిణ్ణి చూపించి చెప్పింది: "ఫీవర్ వచ్చినప్పుడు ఆంటీయే క్లినిక్‌కి తీసుకెళ్ళింది. వారం రోజులు నా పక్కనే పడుకుంది." నేను దణ్ణం పెట్టాను. ఆవిడ ఏదో అంది. అమ్మాయి నాకు తెలుగు చేసి చెప్పలేదు.

వరండాలో కూర్చున్నాక మొదలుపెట్టాను.

"పద తల్లీ, వెళ్దాం."

"ఎక్కడికి?"

"ఇంటికే. రమ్మన్నావుగా."

"అది ఏప్రిల్‌లో కదా నాన్నా."

"అయితే ఏంటి? యూని వద్దులే, ఈ ఏడాదికి వదిలెయ్. మళ్ళీ ఏడాది చూద్దాం."

తను సముద్రంకేసి చూస్తోంది.

"సరే, అసలు యూనే వద్దు. కారు కొనిస్తాను. మాతో ఉండటం ఇష్టం లేకపోతే సిటీలో వేరే ఫ్లాటు తీసుకో, అద్దె నేను కడతాను."

"నాతో బేరమాడుతున్నావా?"

"ఛ, బేరమేంటి..."

"ఏప్రిల్‌లో ఫ్రీగా వచ్చేదాన్ని నాన్నా," అంది. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే నాకు తెలుసు ఏం చెయ్యాలో. "రోజూ నీ ఫోన్ కోసం చూసేదాన్ని. తర్వాత చూడటం మానేశా. ఇప్పుడు ఐ యామ్ గుడ్. నిజంగా బావున్నా."

నాలుగు రోజులున్నాను. నేను రేటు పెంచుతూ పోయాను, తను అక్కడే ఉంది. అయిదో రోజు పొద్దున, ఇక నాకు తెలిసిన ఆఖరి పద్ధతికి దిగాను.

మా కొట్లో బేరం కుదరకపోతే కిటుకు తెలిసిన కొనుగోలుదారు లేచి నిలబడతాడు. చెప్పులేసుకుంటాడు. మెట్లు దిగుతాడు. చివరి మెట్టు దిగేలోపు మా నాన్న పిలిచేవాడు. పిలవకపోతే అతను ఇంటికి పోడు, పక్క కొట్టు ముందు నిలబడి, మాకు కనిపించేట్టు అక్కడి బట్ట తడిమి చూస్తుంటాడు. అప్పుడు మా నాన్న నన్ను పంపేవాడు. "వెళ్ళి, ఆయన్ని రమ్మను." తప్పకుండా వచ్చేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

"సరేనమ్మా, నేను వెళ్ళిపోతాను. ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో ఉంటాలే," అన్నాను, విమానానికి ఇంకా మూడు రోజులుండగానే. పెట్టె సర్దాను. నిదానంగా సర్దాను. అమ్మాయి బస్సుదాకా వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగాను.

"కిటికీ వైపు కూర్చో నాన్నా. కుడి పక్క. సముద్రం కనిపిస్తుంది," అంది. దారిలో తినమని పొట్లం చేతికిచ్చింది. బస్సు కదిలితే పక్కనే కొంచెం దూరం నడిచి, చెయ్యి ఊపి, ఆగిపోయింది.

తర్వాతి ఊళ్ళో దిగిపోయాను. పక్క కొట్టు అన్నమాట. ఆ రెండు ఊళ్ళకీ మధ్య ఒక కొండ మాత్రమే అడ్డం. అక్కడ నాకెవరూ లేరు, పనేమీ లేదు. బీచికి ఎదురుగా గది తీసుకున్నాను. వరండాలో కుర్చీ వేసుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అలలు మట్టిరంగులో ఉన్నాయి. ఏటి నుంచి కొట్టుకొచ్చిన దుంగలు ఒడ్డంతా పడున్నాయి. పెలికాన్ పక్షులు వానలోనే వరసగా ఎగురుతూ పోయాయి. మధ్యలో ఒకసారి ఫోన్ మోగింది. మా ఆవిడ.

"దాన్ని వదిలేసి వచ్చేశారటగా?"

"వదల్లేదు. పక్కూళ్ళోనే ఉన్నాను. పిలుస్తుందని."

"అది మీ కూతురండీ," అంది. "మీ కొట్టు సరుకు కాదు." పెట్టేసింది.

రెండో రోజు అమ్మాయి నుంచి మెసేజి వచ్చింది. "ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్ బావుందా?" కొండకి అవతలే ఉన్నానని రాయొచ్చు. బస్సెక్కితే అరగంటలో తన కౌంటరు ముందుంటాను. వెళ్ళి ఏం చెప్పాలి? నా దగ్గర ఇవ్వడానికి మిగిలిందేమీ లేదు. తనకి కావలసిందీ ఏమీ లేదు. "బావుంది," అని రాశాను. ఒక గుండె గుర్తు పంపింది.

మర్నాడు గది ఖాళీ చేస్తూ, రెండు రాత్రులూ కరెంటు పోయిందని చెప్పి అక్కడ కూడా కొంత తగ్గించుకున్నాను. నోరు దాని అలవాటు ప్రకారం అది మాట్లాడేసింది.

అడిలైడ్ విమానాశ్రయానికి మా ఆవిడ కారు తెచ్చింది. తలుపులోంచి నేనొక్కణ్నే రావడం చూసి డిక్కీ తెరిచింది. ఇల్లు చేరేదాకా ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. అడిగితే చెబుదామని లెక్క వేసి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్‌లో వెళ్ళుంటే నాకు రానూపోనూ, అమ్మాయికి రావడానికి, ఈస్టరు రేటు మీద రెండు టికెట్లు అయ్యేవి. నేను కొన్నది ఒకటి, సగం ధరకి. గదులు పావు ధరకి. వ్యాను బదులు బస్సు. కప్పు కారినందుకు కొంత, కరెంటు పోయినందుకు కొంత. అన్నీ కలిపితే నాకు మిగిలింది నాలుగు వేల డాలర్లకి కాస్త తక్కువ. ఆ డబ్బు ఇంటి లోనుకి జతచేసిన ఖాతాలో పడుంది, నెలనెలా కొంత వడ్డీ తగ్గిస్తోంది.

అమ్మాయి రాలేదు. ఇక రాదు. ఆ డబ్బు అందుకు నాకు ముట్టిన వెల.