ఐదు రోజులు ముందు

మా డిపోలో ఆయన్ని అందరూ "నిమిషం" అనేవాళ్ళు. ముఖం మీద కాదు, అంత ధైర్యం ఎవరికీ లేదు. ఆయన టైమ్‌కీపరు. గేటు పక్క చిన్న గదిలో కూర్చుని ఏ బస్సు ఎప్పుడు వచ్చిందో రాయడం ఆయన పని. ముందు చక్రాలు గేటు దాటితే సరిపోదు, వెనక చక్రాలు కూడా తెల్లగీత దాటాలి. అప్పుడే వచ్చినట్టు. నేను కండక్టరుగా చేసిన ఇరవై రెండేళ్ళలో నా బస్సుకి ఎన్నిసార్లు "ఆలస్యం" అని రాశాడో దేవుడికే తెలియాలి. "ఒక్క నిమిషమే కదా గురువుగారూ, చూసీ చూడనట్టు వదిలేయండి" అని బతిమాలితే, "ఆ నిమిషం నాదైతే ఇచ్చేవాణ్ణి" అనేవాడు. కొరకరాని కొయ్య. అలాంటి మనిషి పక్కింట్లోనే నాకు ఇల్లు దొరికింది, నా ఖర్మ కాకపోతే!

రెండిళ్ళ పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. అవతల నిమ్మచెట్టు, మల్లెపొద, నాలుగు గులాబీ కుండీలు. అవన్నీ వదినవి. ఆయన భార్యని నేను వదినా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. మొగ్గ కనిపిస్తే చాలు, వసంతం వచ్చేసిందని వీధంతా చాటేది. ఈయన ససేమిరా ఒప్పుకోడు. ఆ గొడవ తేల్చడానికి డిపోలో గీతలు వంకరగా పడ్డాయని పక్కన పడేసిన రిజిస్టరొకటి తెచ్చాడు. రావలసిన తేదీ, వచ్చిన తేదీ, ముందా ఆలస్యమా, కారణం, చివర ఇద్దరి సంతకాలు. ఆ ఇంట్లోకి వచ్చిన ఏడాది ఫిబ్రవరి ఇరవైన వసంతం వచ్చిందని ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి, రావలసిన తేదీ ఎప్పటికీ అదే.

వచ్చిందని రాయాలంటే మూడు గుర్తులు కావాలి. మల్లె మొగ్గ తొడగాలి. నిమ్మ పూయాలి. మూడోది, పొద్దున శాలువా లేకుండా పెరటి మెట్టు మీద కూర్చోవాలి. కూర్చునేది వదినే, ఆవిడ ఒట్టి చలిమనిషి. మొదటి రెండూ ఎంత తొందరపడ్డా, ఆవిడ శాలువా మాత్రం కదిలేది కాదు. ఒక ఏడాది పంతం కొద్దీ తీసి కూర్చుని, రెండు గుక్కల టీ తాగేలోగా ఏడుసార్లు తుమ్మింది. ఈయన లెక్కపెట్టాడు. అప్పట్నించి, టీ పూర్తయ్యేదాకా శాలువా తీసే ఉండాలని ఇంకో నియమం చేరింది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ "ముందు" అన్న గడి నిండలేదు.

పోయిన ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన వారం వదిన పోయింది. పోవడానికి రెండు రోజుల ముందు నేను ఆసుపత్రిలో పక్కనే ఉన్నాను. "ఈసారి ముందే వస్తుంది, చూస్తూ ఉండండి. రాసుకోండి" అంది ఆయనతో. "వచ్చాక రాస్తాను" అన్నాడు ఆయన. ఆవిడ నవ్వి అటు తిరిగి పడుకుంది.

తర్వాత ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, అడిగినదానికి అవుననో కాదనో చెప్పాడు. చలి మొదలయ్యాక వదిన శాలువా కప్పుకుని మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎదురుగా మొక్కలు ఎండుతున్నా కంటికి ఆనలేదు. నాలుగు చెంబుల నీళ్ళు పోస్తానంటే "అక్కర్లేదు" అన్నాడు. డిసెంబరు చివర పెరటి కుళాయి మార్పించి, కట్టేయడం మర్చిపోయాడు. గడియారంలాంటి మనిషి! పొద్దున లేచి చూస్తే పెరడంతా చెరువు. నేనే గోడ దూకి కట్టేశాను.

జనవరి మూడో వారంలో గోడ మీంచి కేక. "ఏమయ్యా కండక్టరూ, ఇలా రా!"

వెళ్ళి చూస్తే మల్లెపొద నిండా మొగ్గలు, నిమ్మ విరగబూసింది. ఆయన రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు నెలల్లో ఆ ముఖంలో కాస్త కళ కనిపించడం అదే మొదలు.

"నెల ముందు. మీ వదిన చెప్పినట్టే వచ్చింది. మూడో గుర్తు ఇంక ఎలాగూ లేదు, రెండింటితో రాసేస్తాను."

అక్కడ నోరు మూసుకోవలసింది. మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"వసంతమేంటి గురువుగారూ! మూడు నెలలు చుక్క నీళ్ళు లేకుండా మాడ్చారు. ఆ రోజు కుళాయి వదిలేసేసరికి ఒక్కసారిగా పూశాయి. మల్లెతోటల వాళ్ళు కావాలనే అలా ఎండగట్టి పూయిస్తారు."

అనేశాక నాలుక్కరుచుకున్నాను. ఆయన నిమ్మచెట్టు వంక చూశాడు. కలం మూత పెట్టాడు.

"అయితే వీటి సాక్ష్యం చెల్లదు" అన్నాడు.

"రాసేయండి, ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదయ్యా."

మళ్ళీ ఎప్పట్లా అయిపోయాడు. నా మీద కోపమైనా రాలేదు. వస్తే బావుండేది, నాలుగు తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. పోయిన మనిషిని ఒక్కసారి గెలిపిద్దామనుకుంటే నా తెలివి అడ్డుపడింది. రోజూ పొద్దున ఆయన శాలువాలో కూర్చుని టీ తాగేవాడు. నేను పళ్ళు తోముకుంటూ గోడ ఇవతల నుంచుని, లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఫిబ్రవరిలో మల్లె ఈసారి తనంతట తానే కొత్త మొగ్గ తొడిగింది, నిమ్మ మళ్ళీ పూసింది. ఒక పొద్దున ఎండ మెట్టు మీదకి వచ్చింది. ఆయన మెడ తడుముకున్నాడు, చెమట. శాలువా తీసి, మడిచి, పక్కన పెట్టాడు. ఏదో ధ్యాసలో చేశాడంతే. టీ అందుకుని ఒక గుక్క తాగాడు. గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆయన శాలువా వంక చూశాడు. నేనూ చూశాను. ఆయన రెండో గుక్క తాగాడు, మూడోది తాగాడు. తుమ్ము రాకూడదని నేను మొక్కుకున్నానంటే నమ్మండి. రాలేదు. టీ పూర్తయింది.

లోపలికి వెళ్ళి రిజిస్టరు తెచ్చాడు.

"శాలువా తీయాలన్నాం గానీ, ఎవరు తీయాలో రాసుకోలేదు" అన్నాడు.

"ఇవాళ తేదీ?" అన్నాను, తెలిసే.

"పదిహేను. ఐదు రోజులు ముందు."

రాశాడు. సంతకం పెట్టాడు. తర్వాత పుస్తకం గోడ మీద పెట్టి నా వైపు తిప్పాడు. వదిన సంతకం పెట్టే చోట ఆయన వేలు ఉంది.

"డ్రైవరు లేనప్పుడు కండక్టరు సంతకం చెల్లుతుంది కదా?"

"చెల్లుతుంది గురువుగారూ."

పెట్టాను. తలెత్తేసరికి ఆయన శాలువాలో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. "అప్పుడే రాయాల్సింది కండక్టరూ. అది అడిగినప్పుడే రాయాల్సింది" అన్నాడు.