మల్లేశం గారు అడిగిన చోటు

మల్లేశం గారు ఇక లేరని ఆయన తమ్ముడు ఫోనులో చెప్పగానే నేను తిట్టాను. పొద్దున్నే ఆ పాడుమాటలేమిటని కేకలేశాను. ముందురోజే ఆసుపత్రి నుంచి "జర నయమైంది" అని ఆయన మెసేజ్ పెట్టారు మరి. ఈ మహమ్మారి ఆ సజ్జనుణ్ణి కూడా కబళించిందన్న సత్యాన్ని నా మనసు ఇప్పటికీ అంగీకరించడం లేదు.

తెలంగాణ నుంచి సూరత్‌కు వలసవచ్చిన మరమగ్గాల కార్మికుల ఇంట పుట్టిన ఆయన వైన్ అమ్మకాన్ని జీవికగా ఎంచుకున్నారు. మద్యనిషేధమున్న ఊళ్లో కాపురం, పొరుగునున్న దమన్‌లో వ్యాపారం. నాసిక్ వైపు ఓ చిన్న ద్రాక్షతోట యజమాని తీసే వైన్‌కు దమన్‌లో ఆయనే ప్రతినిధి. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. సూరత్‌లో మాత్రం చుక్క ముట్టేవారు కాదు. పెళ్లిళ్లలో చుట్టాలు ఒక్క సీసా కోసం చెవి కొరికితే, "రైలెక్కి దమన్ రా బామ్మర్దీ, కూసుండబెట్టి పోస్త. గీడైతే మజ్జిగనే" అనేవారు.

దమన్‌లో ఏ మద్యం దుకాణానికి వెళ్లినా జేబులోంచి గుడ్డ తీసి సీసాల దుమ్ము తుడిచేవారు. మావే కాదు, పోటీ కంపెనీలవి కూడా. నాకు ఒళ్లు మండేది. "వాళ్లవి మనమెందుకు తుడవాలన్నా?" అని ఓసారి అడిగేశాను.

"షెల్ఫంత మురికిగుంటే గిరాకీ బీరు దిక్కు పోతడురా. ముందుగాల గిరాకీ వైన్ దిక్కు రానీ, కొట్లాట తర్వాత" అన్నారు. అది ఔదార్యమో, వ్యాపారదక్షతో నాకు ఈనాటికీ తెలియదు.

లాక్‌డౌన్ ఆయన్ను నిలువునా ముంచింది. సరిహద్దు మూశారు, హోటళ్లు మూశారు. తిరిగి తెరిచేసరికి దుకాణదారుల చేతుల్లో పెట్టుబడి లేదు. పెద్ద కంపెనీలు వాళ్లకు అరువు మీద సరుకు, ఉచితంగా ఫ్రిజ్‌లు ఇచ్చాయి. ఆ ఫ్రిజ్‌లో ఇతరుల సీసా పెట్టరాదని షరతు. మా సీసాలు షట్టర్ పక్కన ఎండలో పడ్డాయి. వైన్ ఎండకు ఓర్వదు. కొన్నవాళ్లు పాడైందని తెచ్చి మొహాన కొట్టారు. చెడిన సరుకంతా ఆయనే వెనక్కి తీసుకుని, దమన్ సముద్రపు ఒడ్డున పారబోశారు. ఆయన కంట నీరు నేను చూసింది అప్పుడొక్కసారే.

ఈ ఎండాకాలం అమ్మకాలు లేకపోతే తోట అమ్ముకోవడమే గతి అని యజమాని చెప్పేశాడు. రెండో విడత వ్యాధి ఊరంతా అల్లుకున్న వేళ అది. వద్దని కాళ్లావేళ్లా పడ్డాం. "నేను పోకుంటే మన దిక్కు మాట్లాడేటోడు ఎవడున్నడు?" అంటూ మల్లేశం గారు మాస్కు మీద మాస్కు కట్టుకుని బయలుదేరారు. దుకాణం దుకాణం తిరిగి ఫ్రిజ్‌లో రెండు అరలు అడిగారు. ఎవరూ ఇవ్వలేదు. జ్వరంతో తిరిగొచ్చిన మనిషి మళ్లీ లేవలేదు. శ్మశానంలో వరుస కట్టిన శవాల మధ్య ఆయన దేహాన్ని దూరం నుంచే చూసి చేతులు జోడించాం. ఆ వారమే తోట కూడా చేతులు మారింది.

నిన్న పరామర్శకు వెళ్తే ఆయన ఫోను మోగింది. ఎత్తలేక వదిన నా చేతికిచ్చారు. దమన్ దుకాణదారు. నన్ను మాట్లాడనివ్వకుండానే, "మల్లేశ్‌భాయ్, కంపెనీవాళ్లతో గొడవపడి మీకు రెండు అరలు ఖాళీ చేయించాను. సరుకు పంపించండి" అన్నాడు హిందీలో.

పంపడానికి సీసా లేదు, పంపే మనిషీ లేడు. అంత దక్షత, అంత సౌజన్యం ఒకే దేహంలో ఈ జన్మలో మళ్లీ చూస్తానన్న ఆశ నాకు లేదు.

అన్నా, నీ పాదాలకు నమస్కారం. నువ్వడిగిన చోటు ఇచ్చారు.