ప్రాక్టీసు దెబ్బలు

డ్వేన్ పెట్రాష్ మా పక్కింటివాడు. ఒహాయోలో మా ఊరి రోడ్ల మీద చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ నడిపేవాడు. అంతకుముందు ఆరేళ్ళు పెద్ద జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. డిఫెన్స్‌లో ముందువరస మనిషి. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాళ్ళని తన ఒంటితో ఆపడమే పని. పేరున్న ఆటగాడు కాడు. గుమ్మంలో పట్టని శరీరం, మాట మాత్రం మెత్తన.

అదే జట్టులో ఆఫెన్స్‌వాడు రోస్కో టిబ్స్. బంతి మోసేవాడికి దారి చేయడం అతని పని. ఆట రోజున ఇద్దరిదీ ఒకే పక్షం, ఒకడి వరస మైదానంలో ఉంటే ఇంకొకడి వరస బయట కూర్చునేది. ప్రాక్టీసులో మాత్రం రోజూ ఎదురెదురుగా వంగి, ఈల వినబడగానే హెల్మెట్లు పగిలిపోయేలా ఢీకొనేవాళ్ళు. ఆ ఢీకొనడంలోంచే స్నేహం పుట్టింది. ఆట మానేశాక రోస్కో ఆక్రన్‌లో టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. జనవరిలో ప్లేఆఫ్స్, అంటే ఓడితే ఇంటికే అనే ఆఖరి పోటీలు, మొదలైతే మాత్రం ఆదివారం మధ్యాహ్నానికల్లా డ్వేన్ ఇంటి నేలమాళిగలో సోఫా మీద ఉండాల్సిందే. నన్నూ పిలిచేవాళ్ళు. డ్వేన్ భార్య మార్లీన్ మాంసం, చిక్కుడుగింజలు వేసి పెద్ద గిన్నెడు చిల్లీ వండేది.

వాళ్ళ వాదన ఎప్పుడూ ఒకటే.

"పాయింట్లు కొట్టకుండా గెలిచిన మొనగాణ్ణి ఒక్కణ్ణి చూపించరా!" అనేవాడు రోస్కో.

"ఎండాకాలంలో ఎవడైనా కొడతాడు. జనవరి మంచులో బంతి చేతిలో నిలవదు. అప్పుడు ఆపేవాడే మగాడు."

"మరి మనం ఎందుకు ఓడాంరా?"

వాళ్ళు ఆడిన ఒకే ఒక్క ప్లేఆఫ్ ఆట అది. పదమూడు-పది స్కోరుతో పోయింది.

"మేం పదమూడే ఇచ్చాం. మీరు పద్నాలుగు కొట్టలేక చచ్చారు."

"ఆ ఆఖరి మూడు పాయింట్లూ చివరి నిమిషంలో ధారపోసిందెవడు? మా అమ్మా?"

"మీరు మైదానంలో రెండు నిమిషాలు నిలబడి ఉంటే మాకు ఊపిరాడేది కదరా, సన్నాసీ!"

"ఇద్దరూ నోళ్ళు మూసుకుని తినండి," అని మార్లీన్ పైనుంచి కేకేసేది. ముప్పై ఏళ్ళకు పైగా అదే పోరు, అదే నవ్వు.

తరవాత ఒక చలికాలం డ్వేన్ లారీతో సహా దారి తప్పాడు. తాను పుట్టి పెరిగిన ఊళ్ళో, చర్చి వెనక వీధిలో లారీ ఆపి, ఎటు వెళ్ళాలో తెలియక కూర్చున్నాడు. ఉద్యోగం పోయింది. ఆ మెత్తని మాటా పోయింది. చెంచా కనబడలేదని వంటింటి తలుపుని గుద్ది చిల్లు పెట్టాడు. తరవాత ఆ చిల్లు చూసి, "ఎవరు చేశారే ఇది?" అని మార్లీన్‌నే అడిగాడట.

డాక్టరు జబ్బు సంగతి చెప్పిన రోజు రోస్కో వాళ్ళ వంటింట్లోనే ఉన్నాడు. నేనూ ఉన్నాను. మార్లీన్ కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"తలకి తగిలిన దెబ్బలవల్లేనట. బాగుచేసే మందు లేదంది డాక్టరమ్మ."

"ఏ దెబ్బ? ఆ డెట్రాయిట్ ఆటలో స్ట్రెచర్ మీద తెచ్చారే, అదా?" అన్నాడు రోస్కో.

"అది కాదట అన్నయ్యా. పెద్ద దెబ్బలు కాదంది ఆవిడ. చిన్నచిన్నవి, రోజూ తగిలినవి. ప్రాక్టీసులో తగిలినవే ఎక్కువ అంది."

రోస్కో చేతిలోని కప్పు కింద పెట్టాడు. "ప్రాక్టీసులోవా?" అన్నాడు. 

మరుసటి జనవరిలోనూ వచ్చాడు. ఆట మొదలైంది. డ్వేన్ తెర వంక చూస్తూ, "పాయింట్లు కొట్టాలి. కొట్టినోడే గెలుస్తాడు," అన్నాడు.

నేను నవ్వబోయి ఆగిపోయాను. అది రోస్కో ఎప్పుడూ అనే మాట.

"కాదురా," అన్నాడు నెమ్మదిగా. "ఆపేవాళ్ళే గెలుస్తారు. మంచులో బంతి చేతిలో నిలవదు. నువ్వే కదరా చెప్పావు?"

"ఎవడు చెప్పాడు?"

"నువ్వేరా. డిఫెన్సేరా గొప్ప. నేనే తప్పు. ముప్పై ఏళ్ళుగా నాదే తప్పు. ఒప్పుకుంటున్నాను, నన్ను తిట్టరా."

డ్వేన్ అతని వంక పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. టీవీలో రెఫరీ ఈల వేశాడు. డ్వేన్ లేచాడు. ప్రాక్టీసులోలాగే ఒక చెయ్యి నేలకి ఆనించి వంగాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి అలా వంగగలడని నేననుకోలేదు. రోస్కో కూడా లేచాడు. కానీ చేతులు ఎత్తలేదు. అడ్డు పెట్టుకోలేదు. డ్వేన్ వచ్చి గుద్దితే వెనక్కిపోయి గోడకి కొట్టుకున్నాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని కూర్చున్నప్పుడు అడిగాను. "చేతులెందుకు ఎత్తలేదయ్యా?"

"ఆరేళ్ళు, రోజూ, వాడి తలమీద కొట్టింది నేను. వేరే ఎవడో కాదు."

"అతనూ నిన్ను కొట్టాడు కదా?"

"కొట్టాడు," అన్నాడు. "టైర్ల సైజులు మర్చిపోతున్నాను ఈమధ్య. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

 లేచి అతని కోటు తెచ్చి రెండో భుజం మీద కప్పాను.

డ్వేన్‌ని మార్లీన్ ఆ వారమే సంరక్షణ గృహంలో చేర్చింది. ఆ మనిషిని ఆమె ఒక్కతే ఆపలేకపోయింది మరి. అక్కడ ఏడాది పైచిలుకు బతికాడు. చివరికి మింగడం కూడా మర్చిపోయాడు. ఫిబ్రవరిలో పోయాడు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. నా పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఆ ఏటి ప్లేఆఫ్స్ గురించి మొదలెట్టారు. ఒకడు డిఫెన్స్ అన్నాడు, ఇంకొకడు ఆఫెన్స్ అన్నాడు. తప్పేం లేదు, చావు భోజనాల దగ్గర జనం మాట్లాడుకునేవి అవే. రోస్కో పళ్ళెం కింద పెట్టి, కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మార్లీన్ కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చి, "అన్నయ్యకి ఇచ్చిరా," అంది.

రోస్కో తనని తీసుకొచ్చిన కూతురి కారులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇంజిన్ ఆపేసి ఉంది, అద్దాల మీద మంచు పడుతోంది. వేలితో తట్టాను. నా వంక చూశాడు. నన్ను పోల్చుకున్నాడో లేదో తెలియదు. అద్దం మాత్రం దించలేదు. కేకు కారు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.