తోడు వేయని పాలు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. కంటికి కనిపించనివి మన చుట్టూ ఉంటాయని మాత్రం ఒప్పుకుంటాను. వాటిని చూడ్డమే నా చదువు. కర్నూలులో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. ఎంత కనిపించనిదైనా మైక్రోస్కోపు కింద పెడితే దొరికి తీరాలని వాదించే రకం నేను. అందుకే జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఇళ్లలో తోడుపెట్టే పెరుగు తీసుకున్నాను. అందులోని మేలు చేసే బ్యాక్టీరియా కడుపు పాడుచేసే బ్యాక్టీరియాను ఎంతవరకు అడ్డుకుంటుందో చూడాలి. హాస్టల్ పెరుగు, హోటల్ పెరుగు, స్నేహితుల ఇళ్ల పెరుగు అన్నీ పరీక్షించాను. గట్టిగా పనిచేసింది ఒక్కటే. నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో మా అవ్వ పెట్టే పెరుగు. చెడ్డ బ్యాక్టీరియాను పెంచే గాజు ప్లేటు మీద అది ఉన్నచోట అవి మొలవక చుట్టూ శుభ్రమైన వలయం ఏర్పడేది. ప్రాజెక్టు మొత్తం దానిమీదే నిలబడింది.

ఎండాకాలంలో ల్యాబ్ ఫ్రిజ్ పాడై, అవ్వ పెరుగు నుంచి పెంచి దాచుకున్న బ్యాక్టీరియా కల్చర్ అంతా బూజు పట్టింది. అవ్వకు ఫోన్ చేసి మొత్తుకున్నాను.

"తోడు పోతే ఏమైతాది పాపా? రెండు ఎండుమిరపకాయ తొడిమలు ఎయ్యి. పాలు తోడుకుంటాయి" అంది.

మా వైపు తోడు లేనప్పుడు అందరూ చేసే పనే అది. ల్యాబ్‌లో అట్లాంటివి కుదరవని నవ్వాను.

"నీకు శాతగాకపోతే నేనే వచ్చి ఏస్తాలే" అని తనూ నవ్వింది. ఆదివారం ఊరికొస్తే తోడు ఇస్తానంది.

ఆదివారం రాకముందే, నిద్రలోనే పోయింది. నేను వెళ్లేసరికి, చావు జరిగిన ఇల్లని పక్కింటి ఆడవాళ్లు నీళ్లు, పాలు, పెరుగు అన్నీ పారబోసి, పెరుగు ముంత కడిగి బోర్లించారు. ఎవరింట్లోనైనా చేసేదే. ఎవరినీ తప్పుపట్టలేను. ఊళ్లో మిగతావాళ్లు ప్యాకెట్ పెరుగుకు మారి చాలా కాలమైంది కాబట్టి ఆ తోడు ఇంకెక్కడా లేదు. అవ్వను చూసినప్పటికంటే ఆ ముంతను చూసే ఎక్కువ ఏడ్చాను.

తిరిగొచ్చి వేరే పెరుగుతో మళ్లీ మొదలుపెట్టాను. పాలను గాజు గొట్టాల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, పైన కాగితం కట్టి, సూక్ష్మజీవులన్నీ చచ్చేలా ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించాను. చల్లారాక మిగతావాటిలో పెరుగు తోడు వేసి, ఒక గొట్టంలో మాత్రం ఏమీ కలపకుండా మళ్లీ కాగితం కట్టాను. దాన్ని కంట్రోల్ అంటాం. అది పాలుగానే ఉండిపోతేనే మిగతావాటిని నమ్మొచ్చు.

రాత్రంతా గొట్టాలను వెచ్చగా ఉంచిన ఇంక్యుబేటర్‌ను పొద్దున్నే తెరిస్తే కంట్రోల్ గడ్డ పెరుగై ఉంది. కాగితం మీద నేను వేసిన దారం ముడి చెక్కుచెదరలేదు. విప్పి, వంచి చూశాను. అడుగున రెండు ఎండుమిరపకాయ తొడిమలు.

ముందే పడి ఉంటే ఆ ఆవిరికి మెత్తబడి, రంగు మారేవి. వాటి మీది సూక్ష్మజీవులూ చచ్చేవి. అవి మాత్రం అప్పుడే తుంచినట్టు గట్టిగా ఉన్నాయి. తర్వాత ఎవరైనా వేయాలంటే ముడి విప్పాలి. పైగా అవ్వతో మాట్లాడింది నేనెవరికీ చెప్పలేదు.

మా గైడు సారుకు చూపించాను. "ఎవరో ఆటపట్టించినారు. పారెయ్ మా" అన్నారు.

పారేసే ముందు కొంచెం తీసి, చెడ్డ బ్యాక్టీరియా ఉన్న ప్లేటు మీద పెట్టాను. మిరప తొడిమలతో తోడుకుంటే వేరే రకాల బ్యాక్టీరియా రావాలి. మర్నాడు చూస్తే చుట్టూ అవ్వ పెరుగుకు వచ్చిన అదే వలయం. మైక్రోస్కోపు కింద కూడా బ్యాక్టీరియాది అదే రూపం, గొలుసుల్లా అతుక్కున్న అదే వరస.

సారు ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఇది మీ అవ్వ పెరుగే. యాడ దొరికింది? ఎప్పుడు తెచ్చినావు?" అన్నారు.

"నేను తేలేదు సార్" అన్నాను.

ఆయన దాన్ని జాగ్రత్తగా దాచమన్నారు. ప్రాజెక్టు ఆ కల్చర్‌తోనే పూర్తయింది. ల్యాబ్‌లో అది ఇప్పటికీ బతికే ఉంది. ఎక్కడిదని ఎవరైనా అడిగితే, నేను తేలేదని మాత్రం చెబుతాను.