సంఘమంతా ఆమెన్ అన్న నా నర్సింగ్ లెక్క

నా పద్దెనిమిదో ఏట ఈ ప్రపంచంలో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఒకవేళ ఉంటే అది ఫోన్‌లో ఉండేది. అలాంటి నన్ను, హైదరాబాదులో అద్దె ఇల్లు మారుతున్నామని చెప్పి, తర్లుపాడులో పెద్దమ్మ ఇంట్లో దించిపోయాడు నాయన. ఇంటర్ అయిపోయింది. బీఎస్సీ నర్సింగ్‌లో మేనేజ్‌మెంట్ సీటొకటి దొరికేలా ఉంది. చేరాలో వద్దో సోమవారంలోగా తేలాలి. "చదివేదానివి నువ్వు. ఎంత పోతాదో, ఎంత వస్తాదో నువ్వే లెక్క రాసి పంపు పాపా" అన్నాడు బస్సెక్కుతూ. (ఆయనది సెంట్రింగ్ పని. లెక్కలంటే భయం, నా కోపమంటే ఇంకా భయం.)

పెద్దమ్మ పొద్దున్నే కలుపు తీయడానికి వెళ్ళిపోయేది. ఇంట్లో నేనూ, ఫ్యానూ, ఫోనూ. గుమ్మంలో నిలబడితే దారినపోయే ప్రతి ఒక్కరూ "ఎవురి పిల్లవమ్మా?" అని అడిగేవాళ్ళు. నాకు మండిపోయి లోపలికొచ్చి తలుపేసుకునేదాన్ని. తలుపేసుకున్నాక, ఇంకెవరైనా అడిగితే బాగుండునని కూడా అనిపించేది. ఆ నాలుగు రోజులూ చేసిన పనల్లా లెక్క రాయడమే. ఒక్కో ఖర్చు పక్కన నా మనసులో మాట కూడా రాసుకున్నాను, నాయనకి తప్ప ఎవరికీ తెలియదు కదా అని.

శనివారం సాయంత్రం పెద్దమ్మ వచ్చి, "చర్చి గ్రూపులో నా ప్రార్థన మనవి పెట్టు పాపా, మోకాళ్ళ నొప్పులు తగ్గాలని" అంది. ఆమెది బటన్ల ఫోన్, అందుకని గ్రూపులో ఆమె బదులు నేనుండేదాన్ని. విసుక్కుంటూనే అది నొక్కి, ఇటు నాయనకి లెక్క కూడా పంపేసి, ఫోన్ మంచం మీదికి విసిరాను. డేటా అప్పటికే అయిపోయింది. రెండూ ఎప్పుడో తెల్లారి వెళ్ళుంటాయి.

ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నాక, పాస్టరు అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని ఫోన్‌లోని మనవులు ఒక్కొక్కటే చదువుతున్నారు. ఆయన పంపింది పంపినట్టే చదువుతారు. (ఎప్పుడో ఒకామె మనవి కుదించి చదివితే, ఆమె మూడు వారాలు చర్చికే రాలేదట.) సరిగ్గా అప్పుడే నా ఫోన్ వణికింది. నాయన మెసేజ్. "ఈ వయసులో నీకు మోకాళ్ళ నొప్పులేంది పాపా?"

నా గుండె ఆగింది. అయ్యగారు ఆగలేదు.

"నాలుగేళ్ళ ఫీజు, హాస్టలు కలిపి ఆరు లక్షలు."

"ఆమెన్!" అంది సంఘం.

"మొదటి జీతం నెలకు పదిహేను వేలు. సీనియరక్క పన్నెండే అంది."

"ఆమెన్!"

"అప్పు తీరేసరికి నాకు ముప్పై. పెళ్ళి రద్దు."

"ఆమెన్!"

"మొదటి కంతు పెద్దమ్మను అడగొచ్చు. ఇవ్వదు. పిసినారి."

"ఆమెన్!" అందరికంటే గట్టిగా అన్నది పెద్దమ్మే. అన్నాక కళ్ళు తెరిచింది.

"ఫోన్ రీఛార్జి చిన్నది చాలు. నాకు ఫోన్ చేసేవాళ్ళు ఎవరూ లేరు."

దీనికి మాత్రం ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు కళ్ళజోడు తీసి, "ఇది ప్రార్థన మనవేనా తల్లీ?" అన్నారు మెల్లగా. "కాదు, నా పర్సనల్! ఎవరు చదవమన్నారు మిమ్మల్ని?" అని అరిచి, బయట దొరికిన చెప్పులేసుకుని ఇంటికి నడిచాను. (సగం దారిలో చూస్తే అవి ఎవరో పెద్దాయనవి.)

గంట తర్వాత పెద్దమ్మ నా చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"పిసినారినే. కాకుంటే నా కాడ నాలుగు రూపాయలు నిలబడి ఉంటాయా?" అని, పక్కన కూర్చుంది. "జీతం కత అట్ల పెట్టు. నీకు పోవాలని ఉందా, లేదా?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. "ఉంది. ఒక్కదాన్నే ఉండాలంటే భయంగా ఉంది" అన్నాను.

"ఆ మాట రాయకుండా ఊరంతా తిప్పి రాసినావు గదే!"

సోమవారం ఇద్దరం బస్సులో కాలేజీకి వెళ్ళాం. ఫీజు కౌంటర్లో పెద్దమ్మ నోట్ల కట్ట పెట్టి, "పిసినారి సొమ్ము నాయనా, ఒక్కటి గూడా తక్కువుండదు" అంది ఆ గుమాస్తాతో. నేను నేల చూపులు చూశాను. సాయంత్రం నన్ను హాస్టల్లో దించి ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక గేటు దగ్గర ఒక్కదాన్నే నిలబడి, ఎవరూ పంపని మెసేజ్‌ల కోసం ఫోన్ చూసుకుంటుంటే, అది మోగింది. "బస్సు ఇంకా ఊరు దాటలా. తిన్నావా?"

ఇప్పుడు హైదరాబాదులో స్టాఫ్ నర్సుని. లెక్క మాత్రం కుదరలేదు. జీతం నేను రాసుకున్న దాన్ని అందుకోవడానికే రెండేళ్ళు పట్టింది. డ్యూటీ దిగి గదికొస్తే నేనూ, ఫ్యానూ, ఫోనూ. ఆదివారం చర్చి వదిలే వేళకి ఏ వార్డులో ఉన్నా సిగ్నలుండే కిటికీ దగ్గరికి చేరతాను. పెద్దమ్మ ఫోన్ చేస్తుంది. చేసి, ఫోను చర్చి మెట్ల మీదున్న ఆడవాళ్ళందరికీ తలా కాసేపు ఇస్తుంది. వాళ్ళలో సగం మంది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. "డ్యూటీలో ఉన్నా పెద్దమ్మా, ఏంది!" అని కసురుతాను. ఆ కోపిష్టి పిల్ల ఇంకా ఎక్కడికీ పోలేదని నాలో నేనే నవ్వుకుంటాను.

ఫోన్ మాత్రం వాళ్ళు పెట్టేదాకా పెట్టను.